గ్రోత్ ఏమీ లేదట

మా ఆయన మెదడులో మొలకలు వచ్చాయా లేదా అని కోరుట్లలో మా వాడకట్టు మొత్తం ఎదురుచూసిన రోజులున్నాయి. పొద్దున పాలప్యాకెట్ కోసం గేటు తీస్తే చాలు, ఎదురింటావిడ చీపురు పట్టుకునే అడిగేది.

"ఏమన్న మొలిచినయా టీచరమ్మా?"

"ఇంకా లేదమ్మా, వాన పడాలె" అని చెప్పి గేటు వేసుకునేదాన్ని. ఆవిడ దాన్ని కూడా నమ్మి, ఆకాశం వైపు చూసేది.

ఈ మొలకల గొడవకు ముందు సంగతి చెప్పాలి. మా ఆయన మస్కట్‌లో ఒక గోదాములో స్టోర్ కీపర్‌గా చేసేవాడు. ఒక ఎండాకాలం పనిలో ఉండగానే పడిపోయాడు. ఫిట్స్ వచ్చాయి, ఊపిరి ఆగింది, మెదడుకు కొంతసేపు ఆక్సిజన్ అందలేదు. అక్కడి ఆసుపత్రివాళ్లు ప్రాణం నిలబెట్టారు. కంపెనీవాళ్లు వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు. మనిషి చూడ్డానికి బాగానే వచ్చాడు. నడుస్తాడు, తింటాడు, మా పెళ్లిలో మటన్ ముక్క దగ్గర మా మేనమామ అలిగిన సంగతి పూసగుచ్చినట్టు చెప్తాడు. పాతదంతా ఉంది. కొత్తదే నిలవదు. మధ్యాహ్నం ఏం తిన్నాడో సాయంత్రం అడిగితే నా మొహం చూసి నవ్వుతాడు.

రోజూ లేవగానే ఒకటే ప్రశ్న. "ఏమే, నా టికెట్ ఎప్పటిది?"

ఆయన లెక్కలో ఆయన లీవు మీద వచ్చాడు. రెండు నెలల్లో తిరిగి పోవాలి. మొదట్లో నేను ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. వీసా రద్దయింది, ఇగ పోవుడు లేదు, మనింట్లనే ఉంటవు అని. వినగానే మొహం వాడిపోయేది, మంచం పట్టె మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చేవాడు. భోజనాల వేళకు ఆ మాటే మరిచిపోయేవాడు. మర్నాడు మళ్లీ టికెట్టు, మళ్లీ ఏడుపు. ఒకే మనిషికి ఉద్యోగం పోయిందన్న కబురు రోజూ కొత్తగా చెప్పాలంటే ఏ పెళ్లానికి నోరొస్తుంది? కొన్ని వారాలకు నావల్ల కాలేదు. "కంపెనీ లీవు పొడిగించింది" అని చెప్పేశాను. వెంటనే మొహం విప్పారింది. "మా మేనేజర్ మంచోడే" అన్నాడు. అప్పటినుంచి ఇంటికి వచ్చేపోయే అందరికీ అదే మాట చెప్పమని గట్టిగా చెప్పి పెట్టాను.

నాకు కావలసింది ఒకటే. ఈ మనిషి నిన్నటిని ఇవాళ్టిదాకా మోసుకురావాలి. తానింక ఇంట్లోనే ఉంటున్నాడని తనకు తెలియాలి. డబ్బా, జీతమా, ఇంకేదీ నేను అడగలేదు.

కరీంనగర్‌లో నరాల డాక్టరుకు చూపించాం. ఆయన ఓపిగ్గా బొమ్మ గీసి చూపించాడు. చెవులకు లోపలివైపు రెండు పక్కలా చిటికెన వేలంత భాగం ఒకటి ఉంటుంది, ఇవాళ జరిగింది రేపటికి దాచేది అదే, అదే దెబ్బతిన్నది అన్నాడు. ఊరికే ఉండకుండా నేను, "మళ్ల బాగుపడదా సార్?" అని అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"పెద్దోళ్ల మెదడుల గూడ గా భాగంల కొత్త కణాలు పుడుతయని కొందరంటరు, లేదని కొందరంటరు. నేనైతె గట్టిగ చెప్పలేనమ్మా. నడిపియ్యుండ్రి, కొత్త పని ఏదన్న నేర్పియ్యుండ్రి. నష్టమైతె లేదు."

ఆ మాట అక్కడే వదిలేసి వస్తే ఏ గొడవా లేకపోయేది. మా ఆయన అక్క, నాకు వదిన, రాయికల్ నుంచి అప్పటికే నాలుగుసార్లు ఫోన్ చేసింది. బస్సు రొదలో అరుస్తూ చెప్పాను. "మెదడుల కొత్త కణాలు మొలుస్తయట వదినా!" పుడతాయి అనాల్సింది. మొలుస్తాయి అని నోరు జారింది. తొమ్మిది, పది తరగతులకు జీవశాస్త్రం చెప్పే మనిషిని, ఆ ఒక్క క్రియాపదం దగ్గర బోల్తాపడ్డాను.

మా వదినది వరి పండించే ఇల్లు. ఆమెకు మొలకంటే మొలకే. మర్నాడు పొద్దున్నే బస్సు దిగింది, రావడం రావడమే అడిగింది.

"ఎన్నొద్దులకు మొలుస్తయన్నడు పిల్లా?"

"గట్ల లెక్క ఉండదు వదినా. అసలు మొలుస్తయో లేదో గూడ ఎర్కలేదు."

"ఎర్కలేకపోవుడేంది? తడి, వెచ్చదనం ఉంటె మొలువక ఏంజేస్తయ్?"

నేను స్కూలుకు పోయి సాయంత్రం తిరిగొచ్చేసరికి మా ఆయన నెత్తికి తడి తువ్వాల చుట్టి, దాని మీద మందపాటి రగ్గు చుట్టి, కుర్చీలో కూర్చోబెట్టి ఉంది. నారు పోసే ముందు నానబెట్టిన వడ్లను తడి గోనెసంచిలో మూటగట్టి వెచ్చగా ఉంచుతారు చూశారా, మండె కట్టడమంటారు, అచ్చం అట్లాగే మా ఆయన తలకాయను మండె కట్టింది. ఆయన చెమటలు కక్కుకుంటూ, "అక్కా, నా నెత్తికి ఇదేందే?" అని అడుగుతున్నాడు. "మందు తమ్మీ" అని ఆమె చెప్తోంది. రెండు నిమిషాలకు మళ్లీ, "అక్కా, నా నెత్తికి ఇదేందే?" మళ్లీ "మందు తమ్మీ." మధ్యాహ్నం నుంచి ఇదే నడుస్తోందట. ఇద్దరిలో ఎవరికీ విసుగు రాలేదు. నాకు ఒళ్లు మండి రగ్గు లాగి అవతల పారేశాను.

"నా తమ్ముని మంచి నువ్వు చూడనియ్యవా?" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది. ఆమెకు ఉన్నది ఒక్కడే తమ్ముడు.

అక్కడితో ఆగిందా? వాడకట్టులో ఒకరు నానబెట్టిన పెసలు తెచ్చారు, మొలకలు తింటే మొలకలొస్తాయని. ఒకరు బ్రహ్మీ నూనె తెచ్చారు. స్కూల్లో మా హెడ్మాస్టరు ఒక వీడియో పంపాడు, అందులో తెల్లకోటు వేసుకున్నాయన ఎడమచేత్తో పళ్లు తోముకుంటే మెదడు రెండింతలవుతుందని చెప్తున్నాడు. వారంరోజుల తరువాత చూస్తే మా స్టాఫ్ రూములో సగంమంది చొక్కాల మీద పేస్టు మరకలు. ఏమైనా మొలిచాయో లేదో నేను అడగలేదు.

అప్పుడే వదిన జగిత్యాల బస్టాండు దగ్గర ఆ ఫ్లెక్సీ చూసింది. ఒక స్కానింగ్ సెంటరువాళ్లు కట్టారు. దాని మీద మనిషి తలకాయ, తలకాయలో చెట్టు, చెట్టుకు పచ్చటి ఆకులు. కింద పెద్ద అక్షరాలతో "మెదడు గ్రోత్ స్కాన్. కోత లేదు, నొప్పి లేదు" అని ఉంది. చెట్టు చూశాక ఆమెను ఆపడం ఎవరితరం? "ఇగో, మొలిచిందీ లేనిదీ గీల్లు చూపెడుతరట" అని ఫోన్‌లో ఫోటో పంపింది.

నేను ఆ సెంటరుకు ఫోన్ చేశాను. మేనేజరు తీశాడు.

"మీ స్కాన్‌ల కొత్తగ పుట్టిన కణం కనబడుతదా?"

"మా మిషన్ కొత్తది మేడం."

"మిషన్ కొత్తదైతె కణం కొత్తదో పాతదో ఎట్ల ఎరుకైతది?"

"మేడం, కోత లేదు, నొప్పి లేదు" అన్నాడతను.

నాకు తెలియని సంగతేం కాదు. చనిపోయిన మనిషి మెదడును సన్నటి పొరలుగా కోసి, రంగులు పట్టించి, సూక్ష్మదర్శిని కింద పెట్టుకుని చూసే శాస్త్రజ్ఞులకే ఇంకా పొత్తు కుదరలేదు. పెద్దయ్యాక కూడా పుడుతున్నాయని కొందరు, చిన్నప్పుడే ఆగిపోతాయని కొందరు, పేజీలకు పేజీలు కొట్లాడుకుంటున్నారు. బతికున్న మనిషిని కోయకుండా బయటినుంచే ఆ కణాన్ని పట్టే దారి వెతుకుతున్నారు, ఇదీ అని అందరూ ఒప్పుకునేది ఇంకా దొరకలేదు. స్కాన్ బొమ్మలో ఒక్క చుక్కలో వేల కణాలు కిక్కిరిసి ఉంటాయి. అందులో నిన్న పుట్టినదేదో, నలభై ఏళ్లదేదో చెప్పడానికి వాటికేమైనా ఆధార్ కార్డులున్నాయా? ఇదంతా పిల్లలకు చెప్పినట్టు వదినకు చెప్పాను. ఆమె అంతా విని, "గంత పెద్ద శాస్త్రజ్ఞులకు దొరకకపోతె జగిత్యాల్ల దొరకొద్దని ఉన్నదా?" అంది. నిజం చెప్పాలంటే నాకూ లోపల ఎక్కడో ఆశ పుట్టింది. చదువు వేరు, మొగుడు వేరు.

ముగ్గురం పోయాం. ఆ గొట్టంలో పడుకోబెట్టి, కదలొద్దు, మాట్లాడొద్దు అని చెప్పారు. మా ఆయన బుద్ధిగా తలూపాడు. యంత్రం ధనధనమని మొదలయ్యేసరికి ఆ మాట మరిచిపోయి లేవబోయాడు. మళ్లీ చెప్పారు, మళ్లీ తలూపాడు, మళ్లీ లేచాడు. పాపం ఆ టెక్నీషియన్ మైకు నోటికి ఆనించుకుని, "అన్నా కదలకు, అన్నా నేనున్న, అన్నా అయిపోయింది" అని చంటిపిల్లకు జోలపాడినట్టు చివరిదాకా చెప్తూనే ఉన్నాడు. ఆ రోజు ఆ సెంటరులో నాకు నచ్చిన మనిషి అతనొక్కడే.

బయట హాల్లో కూర్చున్నాం. హాలు నిండా జనం. లోపలినుంచి డాక్టరు తలుపు తీసి, మొహం నిండా నవ్వుతో, అందరికీ వినబడేలా చెప్పాడు.

"గాభరా పడకుండ్రమ్మా. గ్రోత్ ఏం లేదు!"

మా వదిన ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. తరువాత రెండు చేతులతో నెత్తి కొట్టుకుని నేలమీద కూలబడింది.

"గ్రోత్ లేదట! ఓ తమ్మీ, నీ మెదడుల గ్రోత్ లేదట! ఇగ నేనేం జేతురో!"

డాక్టరు నోరు తెరిచి అట్లాగే నిలబడ్డాడు. ఆయన బతుకులో ఈ కబురు విని దండం పెట్టినవాళ్లను చూసి ఉంటాడు, కాళ్లు మొక్కినవాళ్లను చూసి ఉంటాడు, నెత్తి కొట్టుకున్నవాళ్లను ఎన్నడూ చూసి ఉండడు. "అమ్మా, గ్రోత్ అంటె గడ్డ. గడ్డ లేదంటున్న. మంచిదేనమ్మా!" అంటాడు. "మంచిదెట్లయితది? మేం అచ్చిందే గ్రోత్ కోసం! బయట చెట్టు బొమ్మ పెట్టి లోపట లేదంటరా?" అని ఈమె నిలదీస్తోంది. హాల్లో జనం మా చుట్టూ మూగారు. ఒక ముసలాయన వదిన భుజం తట్టి, "ఊకో బిడ్డా, మా ఇంటామెకు గ్రోత్ ఉన్నదన్నరు, మేం గూడ గిట్లనే ఏడ్చినం" అని ఓదార్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను మా ఆయన చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఆయన చుట్టూ చూసి, "ఎవలన్న పోయిన్రా?" అని మెల్లగా అడిగాడు.

మేనేజరు పరుగున వచ్చాడు. ఇంజెక్షన్ పెట్టి ఇంకోసారి తీస్తే కనబడొచ్చన్నాడు. నేను నోరు విప్పాను. ఏమన్నానో మొత్తం ఇక్కడ రాయలేను, పిల్లలు కూడా చదువుతారు. చివరికి అతను నన్ను పక్కకు పిలిచి, "మేడం, పెద్దమ్మ సంతోషానికి గ్రోత్ ఉన్నదని రాసియ్యమంటె రాసిస్త. కని రేపు ఇన్సూరెన్సోళ్లు చూస్తె నాతోపాటు మీరు గూడ లోపటికే" అన్నాడు. నాకు వాడి మీద కోపం పోయి జాలేసింది.

కబురు మాకంటే ముందే ఊరు చేరింది. అది కూడా రెండు రకాలుగా చేరింది. సగంమందికి మెదడులో గ్రోత్ ఉందని అందింది, వాళ్లు గడ్డ అనుకున్నారు. సగంమందికి గ్రోత్ లేదని అందింది, వాళ్లు మొలకలు చచ్చిపోయాయి అనుకున్నారు. రెండు వర్గాలూ బ్రెడ్డు, అరటిపండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చాయి. ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని, ఒకరు ఉన్నందుకు, ఒకరు లేనందుకు నిట్టూర్చారు. ఒకరి మాట ఒకరికి తేడా కొట్టలేదు. చాయ్‌లు పెట్టి పెట్టి నా ప్రాణం పోయింది. మా ఆయన మాత్రం వచ్చిన ప్రతివాళ్లనూ నవ్వుతూ పలకరించి, మస్కట్ నుంచి ఏమీ తేలేకపోయానని నొచ్చుకున్నాడు.

సిరిసిల్ల నుంచి మా తమ్ముడు వచ్చాడు. మా పుట్టింటివాళ్లు నేతపనివాళ్లు. వాడికి కొన్ని సాంచాలున్నాయి, పవర్‌లూములను మా దగ్గర అట్లాగే అంటాం.

"అక్కా, డాక్టర్ కొత్త పని నేర్పియ్యుమన్నడు గదా. బావను నాతోని తోలియ్యి. కండెలు చుట్టుడు నేర్పిస్త."

"సాంచాల సప్పుడుకు ఉన్న మెదడు గూడ పోతదిరా."

"మాకు పోయిందా ఏంది?" అన్నాడు వాడు. నేను ఆ ప్రశ్న వదిలేశాను.

బావను తీసుకుపోయాడు. నేను ఆదివారం ఆదివారం బస్సెక్కి పోయి చూసి వచ్చేదాన్ని. నూలును కండెలకు చుట్టే యంత్రం ముందు కూర్చోబెడితే, "నాకిది రాదు, నేను స్టోర్ కీపర్‌ను" అని రోజూ మొరాయించేవాడట. అంటూ అంటూనే తెగిన పోగు కొసలు తీసి ముడివేసేవాడట. మొదట్లో చిక్కులు పడేది, రాను రాను చేతులు సాఫీగా ఆడాయి. నేర్చుకున్న సంగతి ఆయనకు తెలియదు, ఆయన చేతులకు తెలుసు. మా తమ్ముడు ఎగిరి గంతేసి, మొలిచినయని వదినకు ఫోన్ చేశాడు. ఆమె దుర్గమ్మకు మొక్కు మొక్కింది. చేతిపని దాచుకునే చోటు మెదడులో వేరే ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదు అని నేను చెప్పబోతే, ఇద్దరూ నన్ను మొలకల శత్రువును చూసినట్టు చూశారు. రోజూ పొద్దున టికెట్ ప్రశ్న మాత్రం అట్లాగే ఉంది, తమ్ముడూ ఆ లీవు మాటే చెప్పేవాడు. నాకు ఆ ఒక్కటే కొలత.

చలికాలం పోయి ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం. నేను లోపల అడుగు పెట్టానో లేదో తమ్ముడు ఎదురొచ్చాడు. కళ్లు మెరిసిపోతున్నాయి.

"అక్కా, మూడు దినాలాయె, బావ టికెట్ అడుగుతలేడు!"

లోపలికి పోయాను. మా ఆయన కండెలు బుట్టలో వేసుకుంటున్నాడు. నన్ను చూసి, "అచ్చినవా, బస్సుల సీటు దొరికిందా?" అన్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"టికెట్ అడుగుతలేవట?"

ఆయన నన్ను అమాయకురాలిని చూసినట్టు చూశాడు. "ఎందుకడుగుత? కంపెనీ లీవు పొడిగించింది గదా. నువ్వే చెప్పినవు. గంత గూడ యాదిలేదా నీకు?"

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. "చూసినవా! యాదికున్నది!" అని కేకేశాడు. సాంచాల దగ్గరివాళ్లు కూడా వచ్చి మా ఆయన వీపు తట్టారు. దాదాపు ఏడాదిగా ఏదీ నిలవని ఆ తలకాయలో మొట్టమొదట నిలిచింది నా అబద్ధం. కొత్త కణమే పట్టుకుందో, పాతదే తేరుకుందో ఏ యంత్రమూ చెప్పలేదు. పట్టుకోవడమైతే పట్టుకుంది. రోజూ నీళ్లు పోయించింది నేనే కదా.

మధ్యాహ్నమంతా ఆలోచించాను. ఇట్లాగే వదిలేస్తే ఏం పోతుంది? మనిషి సంతోషంగా ఉన్నాడు. లీవు మీద లీవు, మంచి మేనేజరు. తమ్ముడు కూడా అదే అన్నాడు. "ఎందుకక్కా కదిలిచ్చుడు? గట్లనే ఉండనియ్యి." అయితే ఇదివరకు ఆయనకు నిజం చెప్తే మధ్యాహ్నానికి ఇంకిపోయేది. ఇప్పుడు చెప్తే నిలుస్తుంది. గుర్తుండే మనిషికి అబద్ధం చెప్పడమంటే మోసం చేయడమే అనిపించింది. నా మొగుడు బుద్ధి తెలిసిన మనిషి. ఆయనతో కాపురం చేయాలనుకున్నాను, ఆయనను ఆడించాలనుకోలేదు.

సాయంత్రం డాబా మీదికి తీసుకుపోయి మొత్తం చెప్పాను. గోదాములో పడిపోయింది, ఆసుపత్రి, వీసా, ఇంక పోవడం లేదన్నది, లీవు సంగతి నేను కల్పించిందన్నది, అన్నీ. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. పిట్టగోడ మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు. "అన్నం తిందాం పా" అన్నాడు. మరిచిపోతాడులే అనుకుని నేను ఆ రాత్రి అక్కడే ఆగి, సగం భయంతో, ఏం దాచను, సగం ఆశతో పడుకున్నాను. మరిచిపోవాలన్న ఆశా, మరిచిపోవద్దన్న ఆశా రెండూ నాలోనే కొట్టుకున్నాయి.

పొద్దున లేచేసరికి ఆయన అప్పటికే లేచి నా మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటినుంచి కూర్చున్నాడో. టికెట్ అడగలేదు. లీవు మాట ఎత్తలేదు. నా మొహంలోకి చూసి అడిగాడు.

"నిన్న నువ్వు చెప్పింది నిజమేనా?"

నిన్న అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడానికి నేను కరీంనగర్ తిరిగాను, జగిత్యాల తిరిగాను, ఊరందరితో కొట్లాడాను.

"నిజమే" అన్నాను.

ఆయన రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఈసారి మధ్యాహ్నానికి ఆగదని నాకు తెలుసు. ఆయన వీపు మీద చెయ్యి వేసి నేనూ ఏడ్చాను. తలుపు దగ్గరికి వచ్చిన తమ్ముడు మా ఇద్దరినీ చూసి, ఏం అడగాలో తెలియక వెనక్కి వెళ్లిపోయాడు.